నడుచుచున్న ప్రోగ్రాములో దోషమును వెదకుట: ఎర్లాంగ్ షెల్ గుణదోషములు

గడియారము ఆగిపోయినచో దానిని విప్పి బాగుచేయవచ్చును. టెలిఫోను ఎక్స్ఛేంజిలో తప్పు కనబడినపుడు ఈ పద్ధతి పనికిరాదు. ఆ క్షణమున అందులో వేలకొలది సంభాషణలు జరుగుచుండును. ఒక్కదానిలోని తప్పును సరిచేయుటకై అన్నిటిని తెంచివేయుట తగదు. కనుక యంత్రమును ఆపకుండనే లోపలికి తొంగిచూచి, తప్పు ఎక్కడ ఉన్నదో కనుగొనవలెను. ఇట్టి అవసరములను దృష్టిలో ఉంచుకొనియే 1986 ప్రాంతమున స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థ ప్రయోగశాలలో జో ఆర్మ్‌స్ట్రాంగ్, రాబర్ట్ విర్డింగ్, మైక్ విలియమ్స్ అనువారు ఎర్లాంగ్ అను ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిరి. టెలిఫోను రద్దీని గణితముతో లెక్కగట్టిన డెన్మార్కు శాస్త్రజ్ఞుడు ఏ. కె. ఎర్లాంగ్ (1878–1929) పేరు దీనికి పెట్టబడినది. 1998 నుండి ఈ భాష అందరికిని ఉచితముగా లభించుచున్నది.

ఈ భాషతోపాటు షెల్ అను సాధనము కూడ వచ్చును. షెల్ అనగా ఆజ్ఞను టైపు చేసి వెంటనే జవాబు పొందు స్థలము. నడుచుచున్న ప్రోగ్రామును ఆపకుండనే దాని స్థితిగతులను ఇచ్చటినుండి అడిగి తెలిసికొనవచ్చును. ఎర్లాంగ్ అభిమానులు ఈ షెల్‌ను మిక్కిలి పొగడుదురు. అది విని, సరియైన ఆజ్ఞ తెలిసినచో చాలును, తప్పు దానంతట అదియే బయటపడునని విద్యార్థులు అనుకొనుట కద్దు. ఆ పొగడ్తలో ఎంత పాలు నిజమో పరిశీలింపవలసి యున్నది.

ఎర్లాంగ్ ప్రోగ్రాము ఏకకాలమున నడచు అనేక చిన్న ప్రక్రియల సముదాయము. ఒక్కొక్క ప్రక్రియ తన గదిలో తలుపు వేసికొని పనిచేయు గుమాస్తా వంటిది. ఒకరి కాగితములను మరియొకరు ముట్టుకొనరాదు. పని కావలెనన్నచో ఉత్తరము వ్రాసి పంపవలెను. ప్రతి ప్రక్రియకును ఒక తపాలాపెట్టె ఉండును. వచ్చిన సందేశములు వరుసగా అందులో చేరును. ప్రక్రియ తాను ఎదురుచూచుచున్న నమూనాకు సరిపడిన సందేశమును తీసికొని పనిచేయును. సరిపడని దానిని పారవేయదు; పెట్టెలోనే ఉంచును. ఈ చిన్న నియమము నుండియే పెద్ద చిక్కులు పుట్టుచుండును.

ఒక ఉదాహరణ చూడుడు. లెక్కలు వేయు ప్రక్రియ ఒకటి ‘కలుపు’ అను మాటతో మొదలగు సందేశమునకై ఎదురుచూచుచున్నది. పంపువాడు పొరపాటున ‘కలపు’ అని వ్రాసెను. ఒక్క కొమ్ము లోపించినది. సందేశము చేరును, కాని సరిపడదు. ఎవ్వరును ఫిర్యాదు చేయరు. పంపినవాడు పని జరిగినదనుకొనును. అందుకొనవలసినది ఇంకను ఎదురుచూచుచుండును. ఇట్టి సందర్భమున షెల్ యొక్క గొప్పతనము తెలియును. ‘ఐ’ అను ఒక్క అక్షరపు ఆజ్ఞ ఇచ్చినచో ప్రక్రియల పట్టిక కనబడును. ఏ ప్రక్రియ ఏ ఫంక్షనుతో మొదలైనది, ఇప్పుడు ఏ ఫంక్షనులో ఉన్నది, ఎంత పని చేసినది, దాని పెట్టెలో ఎన్ని సందేశములు మిగిలినవి అనునవి అందులో ఉండును. సందేశముల గడిలో సున్నకు బదులు ఒకటి, రెండు, మూడు అని అంకె పెరుగుచున్నచో అనుమానము అచ్చటనే కలుగును. పిమ్మట ‘ప్రాసెస్ ఇన్‌ఫో’ అను ఆజ్ఞతో ఆ పెట్టెలోని సందేశములను చదివినచో ‘కలపు’ అను తప్పు మాట బయటపడును. ఇంతవరకు మిగిలిన ప్రక్రియల పని ఆగలేదు.

అయితే ఈ కీర్తి అంతయు షెల్‌కే చెందదు. గదులు వేరుగా ఉండుట, పెట్టెలకు లెక్క ఉండుట అనునవి భాష లక్షణములు. ప్రక్రియలన్నియు ఒకే జ్ఞాపకస్థలమును పంచుకొను భాషలలో దోషమును వెదకువాడు సాధారణముగా ప్రోగ్రామును ఒకచోట నిలిపి చూచును. ఏకకాలిక ప్రోగ్రాములో ఒక భాగమును నిలిపినంతమాత్రమున తక్కిన భాగముల గడియారములు నిలువవు. ఎర్లాంగ్‌లో సైతము ఒక ప్రక్రియ మరియొకదానిని రివాజుగా ప్రశ్నించినపుడు ప్రత్యేకముగా చెప్పనిచో 5 సెకన్లు మాత్రమే ఎదురుచూచును. ప్రశ్నింపబడిన దానిని మనిషి నిలిపి తీరికగా చదువుచుండగా ఆ గడువు దాటిపోవును. అడిగిన ప్రక్రియ విఫలమగును. రోగిని పరీక్షించుచు వైద్యుడే కొత్త రోగమును తెచ్చినట్లగును. నిలుపకుండ చూడనిచ్చుట షెల్ యొక్క మొదటి సద్గుణము.

ఇక లోపములు. ప్రక్రియ స్థితిని అడిగినపుడు షెల్ తరచుగా ఇచ్చు జవాబు ‘వేచియున్నది’ అని. పనిలేక ఊరక కూర్చున్న ప్రక్రియకును ఇదే జవాబు. రెండు ప్రక్రియలు ఒకదాని జవాబునకై మరియొకటి కాచుకొని శాశ్వతముగా చిక్కుపడిపోయినను ఇదే జవాబు. అంగడిలో బేరము లేక కూర్చున్న వర్తకుడును, గల్లాపెట్టె తాళము పోయి కూర్చున్న వర్తకుడును దూరమునుండి ఒకే తీరుగా కనబడుదురు. ప్రక్రియ ఏ ఫంక్షనులో వేచియున్నదో షెల్ చెప్పును. ఎవరికొరకు వేచియున్నదో చెప్పదు. అది తెలియుటకు ప్రోగ్రామును చదువక తప్పదు. ప్రక్రియలకు వివరమైన చీటీలు తగిలించు సౌకర్యము 2024లో వెలువడిన 27వ విడుదలలో చేర్చబడినది. దానివలన ఏది ఎవరో గుర్తించుట సులభమైనది, కాని మూల సమస్య తీరలేదు.

రెండవ లోపము: షెల్ చూపునది ఛాయాచిత్రము, చరిత్ర కాదు. ఒక ఖాతాలో 100 రూపాయలు ఉన్నవనుకొనుడు. రెండు ప్రక్రియలు ఆ నిల్వను అడిగి, రెండును 100 అని తెలిసికొని, ఒకటి 50, మరియొకటి 30 కలిపి తిరిగి వ్రాయుమని కోరినవి. ఉండవలసినది 180, మిగులునది 150 లేక 130. ఒకే ప్రక్రియ మరియొకదానికి పంపు సందేశముల వరుస మారదు, కాని ఇద్దరు పంపిన వాటిలో ఏది ముందు చేరునో ఎవరును చెప్పలేరు. తప్పు జరిగిన పిమ్మట షెల్‌లో చూచినచో పెట్టెలు ఖాళీ, అందరును క్షేమము. 50 రూపాయలో 30 రూపాయలో మాత్రము కనబడవు. ఇచ్చట ‘ఐ’ ఆజ్ఞ నిరుపయోగమే కాదు, అంతయు బాగున్నదని భ్రమ కూడ కలిగించును. సంఘటనలను జరిగిన వరుసలో నమోదుచేయు ‘డిబిజి’ వంటి సాధనము అవసరమగును.

మూడవది: చూచుటయే చూడబడుదానిని మార్చును. పెట్టెలో లక్షల సందేశములు పేరుకొన్నపుడు వాటిని చూపుమని అడిగినచో అవన్నియు షెల్ వద్దకు నకలు చేయబడును; అసలే చాలని జ్ఞాపకస్థలము మరింత నిండును. అందువలన ముందు సంఖ్యను మాత్రమే అడుగుట వివేకము. లోపలి స్థితిని అడుగు ఆజ్ఞ కూడ ఒక సందేశమే. అది పెట్టెలో చివరి వరుసలో నిలుచును. ఏ ప్రక్రియ గురించి తెలియవలెనో అదియే గడువులోపల పలుకదు. ప్రతి పిలుపును నమోదుచేయుమన్నచో ఆ నమోదుల వరదలో యంత్రమే మునుగవచ్చును. చూడబోవగా మాయమగు దోషములను గురించి జిమ్ గ్రే 1985లోనే వ్రాసి, హైజెన్‌బర్గ్ పేరును తలపించునట్లు ‘హైజెన్‌బగ్’ అను మాటను వాడెను. నమోదుల సంఖ్యకు ముందుగానే హద్దు పెట్టు ‘రీకాన్’ అను సాధనమును ఫ్రెడ్ హెబర్ట్ రచించెను. అది ఈ చిక్కునకు తగిన విరుగుడు.

నాలుగవది మిక్కిలి ముఖ్యము. షెల్ కన్ను మాత్రమే కాదు, చేయి కూడ. ‘ఎల్’ అను ఆజ్ఞతో నడుచుచున్న ప్రోగ్రాములోనికి కొత్త పాఠమును ఎక్కించవచ్చును. ఒక భాగమునకు ఒకే కాలమున రెండు పాఠములు, అనగా పాతది, కొత్తది, మాత్రమే ఉండగలవు. తొందరపడి ఆ ఆజ్ఞనే రెండవసారి ఇచ్చినచో మొదటి పాఠములోనే ఇంకను నిలిచియున్న ప్రక్రియలు చంపబడును. యంత్రమంతటిని ఆపివేయు ఆజ్ఞ సైతము అదే చోట, అదే తీరున టైపు చేయబడును. ఇంటివద్ద అభ్యాసము చేయువానికి ఇది స్వేచ్ఛ. వేలమంది ఆధారపడిన సేవలో ఇది ప్రమాదము. చూచుటకు వచ్చినవానిని, మార్చుటకు వచ్చినవానిని షెల్ వేరుచేయకపోవుట దాని నిర్మాణములోని లోపమనియే చెప్పవలెను.

కనుక షెల్ ఉష్ణమాపకము వంటిది. జ్వరమెంతో చెప్పును, జ్వరమేదో చెప్పదు. బోధనలో ఆజ్ఞల జాబితాను కంఠస్థము చేయించుట వలన ఫలము స్వల్పము. విద్యార్థి ముందు తన ఊహను కాగితముపై వ్రాయవలెను, పిమ్మట ఆ ఊహను పరీక్షించు ఆజ్ఞను ఎన్నుకొనవలెను, ఆ తరువాత జవాబును చూడవలెను. పై లెక్కల ప్రక్రియకు మూడుసార్లు ‘కలపు’ అనియు, ఒకసారి ‘కలుపు’ అనియు పంపినచో పెట్టెలో ఎన్ని మిగులునో ముందుగా చెప్పించి, పిదప షెల్‌లో చూపించినచో మూడు అను అంకె వారికి నిజముగా అర్థమగును. ఆ తరువాతి ప్రశ్న షెల్‌కు సంబంధించినది కాదు: సరిపడని సందేశమును పట్టి నమోదుచేయు చివరి వాక్యము ప్రోగ్రాములోనే ఎందుకు లేదు? షెల్‌లో దొరికిన దోషమునకు మందు ప్రోగ్రాములోనే ఉన్నదని గ్రహించిన విద్యార్థికి ఈ సాధనము పూర్తిగా ఉపయోగపడినట్లు భావింపవచ్చును.