యంత్రంలో ఆమె గొంతు

మన స్త్రీవాద విమర్శ 'గొంతు' అన్న మాటని వాడుకున్నంతగా మరో మాటని వాడుకుని ఉండదు. గొంతు విప్పడం, గొంతు నొక్కడం, గొంతుక కావడం. 1993లో 'నీలిమేఘాలు' వచ్చిన నాటినుంచీ మనకిది చేతికి అందే మాట. అయితే ఈ గొంతు చాలామటుకు అలంకారంగానే ఉండిపోయింది. ఊపిరితో, బొంగురుతో, అలసటతో, కూలితో సంబంధమున్న అసలు గొంతు గురించి మనం మాట్లాడుకున్నది తక్కువ. 'మనకు తెలియని మన చరిత్ర' (1986)లో తెలంగాణా పోరాట స్త్రీలు మాట్లాడిందంతా మనం కళ్ళతోనే చదివాం కదా.

గొంతే బతుకుతెరువైన స్త్రీల గురించి ఆలోచించడానికి సైన్స్ ఫిక్షన్ మంచి చోటు. అది పిల్లల వ్యవహారమని మన సాహిత్య విభాగాలు పక్కన పెట్టేశాయి గానీ, ఒళ్ళు లేని ఆడగొంతులు అక్కడ ఉన్నన్ని మరెక్కడా లేవు. కాజా సిల్వర్‌మన్ 1988లో వచ్చిన 'ది అకౌస్టిక్ మిర్రర్'లో హాలీవుడ్ సంప్రదాయ సినిమా గురించి ఒక పరిశీలన చేసింది. తెరమీద కనపడకుండా కథ నడిపించే, అధికారం ధ్వనించే గొంతు దాదాపుగా మగవాడిదే. ఆడగొంతుని మాత్రం ఆమె ఒంటికి కట్టేసి ఉంచుతారు. ఈ లెక్కన ఒంటినుంచి విడివడిన ఆడగొంతు విముక్తమైన గొంతు కావాలి. అయిందా?

'స్టార్ ట్రెక్' సంగతే చూద్దాం. 1964-65లో తయారైన మొదటి పైలట్ 'ది కేజ్'లో మేజెల్ బారెట్ నౌకలో కెప్టెన్ తర్వాతి స్థానంలో ఉన్న అధికారి. ఆ పాత్రకి పేరు లేదు, 'నంబర్ వన్' అనే పిలుస్తారు. చలించని మనిషి, తర్కం తప్ప మరొకటి పట్టని మనిషి. ఎన్‌బీసీ ఆ పైలట్‌ని తిప్పికొట్టింది. స్త్రీకి అంత స్థానమివ్వడం వాళ్ళకి నచ్చలేదని సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ చెబుతూ వచ్చాడు. కాదు, తన స్నేహితురాలికే వేషం ఇచ్చాడన్నదే అభ్యంతరమని నిర్మాణంలో ఉన్నవాళ్ళు తర్వాత రాశారు. ఏది నిజమైనా జరిగింది ఒకటే. నంబర్ వన్ పోయింది. ఆమె నిబ్బరం, తర్కం తీసి స్పాక్ అనే మగపాత్రకి తొడిగారు. 1966లో సీరియల్ మొదలయ్యాక బారెట్ బంగారురంగు జుట్టు విగ్గు పెట్టుకుని నర్స్ చాపెల్‌గా తిరిగొచ్చింది. ఆ నర్స్ పని ఏమిటి? స్పాక్‌ని ప్రేమించడం, అతను పట్టించుకోకపోతే బాధపడటం. తన దగ్గర్నుంచి తీసేసుకున్న గుణాల్నే మరొకరిలో చూసి ఆరాధించే వేషం వేయాల్సి వచ్చిన నటి ఇంకెవరైనా ఉన్నారా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

అదే సీరియల్లో నౌక కంప్యూటర్‌కి గొంతు కూడా ఆమెదే. ఆజ్ఞాపించే స్థానం పోయి ఆజ్ఞ తీసుకునే స్థానం వచ్చింది. కంప్యూటర్‌కి అన్నీ తెలుసు, కానీ అడిగితేనే చెబుతుంది. తనకోసం ఏదీ అడగదు. నాలుగు దశాబ్దాలకు పైగా, ఒక తరం సీరియళ్ళ తర్వాత మరో తరం సీరియళ్ళలో, సినిమాల్లో ఆ గొంతు వినిపించింది. 2008 డిసెంబరులో ఆమె చనిపోయింది. 2009 మే నెలలో విడుదలైన 'స్టార్ ట్రెక్' సినిమాలో నౌక ఇంకా ఆమె గొంతుతోనే మాట్లాడింది.

దీని పక్కన '2001: ఎ స్పేస్ ఒడిసీ' (1968)లోని హాల్‌ని పెట్టి చూడండి. డగ్లస్ రెయిన్ అనే రంగస్థల నటుడి గొంతు. హాల్ అబద్ధమాడుతుంది, చంపుతుంది, తనని ఆపేస్తుంటే భయమేస్తోందని బతిమాలుతుంది. అంటే మగగొంతు ఇచ్చేసరికి యంత్రానికి ఒక లోపలి ప్రపంచం వచ్చింది. 'ఏలియన్' (1979)లో నౌక కంప్యూటర్ పేరు 'మదర్'. హెలెన్ హార్టన్ గొంతు. ఆ తల్లికి లోపల ఏమీ లేదు, కంపెనీ ఆదేశం తప్ప. రిప్లీ చివర్లో ఆ గొంతుని తిట్టిపోస్తుంది, అది పేలుడుకి ఇంకెంత సమయముందో చెబుతూనే ఉంటుంది. ఆ రిప్లీ వేసిన సిగర్నీ వీవరే 2008లో 'వాల్-ఇ'లో నౌక కంప్యూటర్‌కి గొంతిచ్చింది. సినిమా వాళ్ళకిది సరదా. నాకు మాత్రం నవ్వొచ్చినంతలోనే గుచ్చుకుంది కూడా.

ఈ వరసని తలకిందులు చేసింది సినిమా కాదు, 'పోర్టల్' (2007) అనే వీడియో గేమ్. గ్లాడోస్ అనే కంప్యూటర్‌కి గొంతిచ్చిన ఎలెన్ మెక్‌లేన్ ఒపెరా గాయని. ఈ యంత్రం చేసేది సేవ కాదు, హింస. ఆటగాళ్ళం మనం నడిపే చెల్ అన్న అమ్మాయి ఒక్క మాటా మాట్లాడదు. ఒకరికి ఒళ్ళుంది గొంతు లేదు, ఇంకొకరికి గొంతుంది ఒళ్ళు లేదు. రెండో భాగంలో (2011) గ్లాడోస్ చెల్‌ని లావయ్యావని దెప్పుతుంది, కన్నవాళ్ళు వదిలేసిన పిల్లవని పొడుస్తుంది. లోహపు గొంతులోంచి వచ్చినా ఇవి ఏ ఇంట్లో మాటలో మనకి బాగానే తెలుసు. ఆటలో ముందుకెళ్ళేకొద్దీ గ్లాడోస్ ఎవరో బయటపడుతుంది. ఆ కంపెనీ యజమాని కేవ్ జాన్సన్ దగ్గర పనిచేసిన కారొలైన్. తాను చచ్చిపోతే ఆమెని కంప్యూటర్లోకి ఎక్కించమని, వద్దన్నా వినొద్దని అతను ఆదేశం వదిలి వెళ్ళాడు. ఒక సహాయకురాలి విధేయతని ఆమె ఇష్టంతో పని లేకుండా శాశ్వతం చేయడం! బారెట్ కంప్యూటర్ కథని లోపలినుంచి చెబితే ఇలాగే ఉంటుందనిపిస్తుంది. మగవాళ్ళు రాసిన ఆటే, కానీ వాళ్ళు అనుకున్నదానికన్నా ఎక్కువే చెప్పేసింది. దాన్ని అంతదూరం మోసింది మెక్‌లేన్ గొంతు. వాక్యాన్ని యంత్రంలా విరుస్తూనే, విరిచిన చోట ఒక మనిషి అవమానాన్ని వినిపిస్తుంది.

'మాస్ ఎఫెక్ట్' (2007) మరో రకం ప్రయోగం. కమాండర్ షెపర్డ్‌ని ఆడగానో మగగానో ఎంచుకోవచ్చు. దాదాపు అవే మాటలు, జెనిఫర్ హేల్ గొంతులో ఒకసారి, మార్క్ మీర్ గొంతులో ఒకసారి. హేల్ ఎక్కడా గొంతు మెత్తబరచదు, అలాగని మగగొంతుని అనుకరించదు. నంబర్ వన్‌కి దక్కని కెప్టెన్ కుర్చీ ఇక్కడ దక్కింది. కానీ పెట్టె మీద బొమ్మ మగ షెపర్డ్‌దే. 2011లో కంపెనీ చెప్పిన లెక్కలో ఆమెని ఎంచుకున్నవాళ్ళు 18 శాతం. 2021లో కొత్త కూర్పు వచ్చాక అది 32కి పెరిగింది.

ఇదంతా ఎక్కడిదో అనుకోనక్కర్లేదు. 'మరోచరిత్ర' (1978) నాయిక సరిత గొంతు తర్వాత విజయశాంతిదయింది, సౌందర్యదయింది. చామనఛాయ తెరమీదినుంచి తప్పుకుంది, గొంతు మాత్రం మిగిలింది. 'అరుంధతి' (2009)లో పశుపతికి గొంతిచ్చిన రవిశంకర్‌కి 'బొమ్మాళి' అన్నది ఇంటిపేరయింది. జేజమ్మకి గొంతిచ్చిందెవరో మనలో ఎంతమందిమి చెప్పగలం?

2013లో 'హర్' సినిమాకి సెట్‌లో ఉండి గొంతిచ్చినది సమంతా మోర్టన్. ఎడిటింగ్ దశలో ఆమెని తీసేసి స్కార్లెట్ జొహాన్సన్‌ని పెట్టారు. రోమ్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి జొహాన్సన్‌కి వచ్చింది, తెరమీద ఒక్కసారి కూడా కనపడకుండా. ఆ తర్వాత, 2024 మేలో, ఓపెన్‌ఏఐ వాళ్ళ 'స్కై' అనే గొంతు తన గొంతులాగే ఉందని, తను ముందే వద్దన్నానని జొహాన్సన్ ప్రకటన ఇచ్చింది. అది వేరే నటి గొంతని కంపెనీ అంది, అయినా దాన్ని ఆపింది. జొహాన్సన్‌కి లాయర్లున్నారు, పేరుంది. అదే సంవత్సరం జులైలో వీడియో గేముల నటీనటులు అమెరికాలో సమ్మెకి దిగారు. 2025 జూన్ దాకా నడిచిన ఆ సమ్మెలో ముఖ్యమైన కోరిక జీతం పెంపు కాదు. మా గొంతునుంచి నకలు తయారు చేసేముందు మమ్మల్ని అడగండి, వాడినందుకు డబ్బివ్వండి అన్నదే. జెనిఫర్ హేల్ కూడా ఆ కోరిక తరఫున మాట్లాడింది.

నంబర్ వన్ కూడా తిరిగొచ్చింది. 2022లో మొదలైన 'స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్'లో రెబెకా రోమెయిన్ ఆ పాత్ర వేస్తోంది. ఇప్పుడామెకి ఊనా అన్న పేరుంది, కుటుంబముంది, దాచుకున్న రహస్యముంది. ఆ నౌక కంప్యూటర్‌ది ఇప్పటికీ ఆడగొంతే.