జాంబీ కథనంలో ఋతువు: తెలుగు సందర్భం – ఒక పరిశీలన

జాంబీ కదిలే శవం. దానికి దేహోష్ణం ఉండదు. కాబట్టి గడ్డకట్టే చలిలో కండరాల్లోని నీరు గడ్డకట్టి, దాని కదలిక ఆగిపోవాలి. మాక్స్ బ్రూక్స్ నవల ‘వరల్డ్ వార్ జెడ్’ (2006) ఈ సూత్రాన్నే కథాంగంగా మలచుకుంది. అందులో శీతకాలం జాంబీలను నిలువరిస్తుంది. వాటి నుండి ఉత్తరాదికి పారిపోయిన మనుషులను అదే చలి, ఆకలి బలిగొంటాయి.

ప్రశాంత్ వర్మ దర్శకత్వంలో వచ్చిన ‘జాంబీ రెడ్డి’ (2021) ఈ కథారూపాన్ని కర్నూలు ఫ్యాక్షన్ నేపథ్యంలోకి తెచ్చింది. స్థలం తెలుగుదైంది, ఋతువు మాత్రం కథను మలుపు తిప్పే శక్తి కాలేదు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల పుష్యమాసపు చలి వణికిస్తుందే గాని చెరువును గడ్డకట్టించదు. ఇక్కడ శవాన్ని త్వరగా శిథిలం చేసేది వేసవి. బేతాళుడికి ఈ చిక్కు లేదు. శవం అతనికి ఆవాసం మాత్రమే. జాంబీకి శవమే సర్వస్వం.

అయితే జాంబీని కుళ్లబెట్టే ఎండే, పనికి వెళ్లక తప్పని కూలీకి వడదెబ్బ అవుతుంది. ఇంట్లో ఉండి ఋతువు మారేదాకా వేచి ఉండగల వీలు ఎవరికుంది? ఈ ప్రశ్నను కథాంగం చేసుకున్ననాడే తెలుగు జాంబీ కథనం అనుకరణను దాటి దేశీయమవుతుంది.