బొమ్మ పేరు ముందే చెప్పొద్దు

మేకతోలుతో చేసిన ఒక బొమ్మను ఎనిమిదో తరగతి పిల్లల ముందు బల్ల మీద పెట్టి, దాని పేరు గానీ ఊరు గానీ చెప్పకుండా కాసేపు ఊరుకోండి. ముందు వాసన చూస్తారు. తర్వాత వేలితో రాసి, ఇది ప్లాస్టిక్కా కాగితమా అని వాదించుకుంటారు. ఎవరో ఒకరు దాన్ని కిటికీ వైపు ఎత్తుతారు. అంతదాకా మొద్దుగా, మురికిగా కనిపించిన ఎరుపు ఒక్కసారిగా వెలుగుతుంది. నగల అంచుల వెంట చుక్కలు చుక్కలుగా కాంతి దిగుతుంది. ఆ చిల్లులు ఎందుకు పొడిచారన్న ప్రశ్న అప్పుడు పుడుతుంది. ప్రపంచ కళల పాఠం ఆ ప్రశ్న దగ్గరే మొదలవ్వాలని నా నమ్మకం.

వస్తువును చేతికిచ్చి చదువు చెప్పడం పాత పద్ధతే. స్విట్జర్లాండ్‌కు చెందిన విద్యావేత్త పెస్టలోజీ రెండు వందల ఏళ్ళ కిందటే, పిల్లలకు మాట కన్నా ముందు వస్తువు అందాలన్నాడు. 1899లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పిల్లల కోసమే ఒక మ్యూజియం తెరిచారు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం, 1911లో అందిన హారిస్ కుటుంబ విరాళంతో, నమూనాలను పెట్టెల్లో సర్ది బడులకు అరువివ్వడం మొదలుపెట్టింది. అలాంటి అరువు పెట్టె మన బడుల్లో ఎక్కడో గానీ కనబడదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా శిల్పం ముందు నిలబడ్డ ఏ పిల్లకైనా ఆ పాలరాతి ముసుగును తాకాలని చేయి లాగుతుంది. తాకనివ్వకపోవడం న్యాయమే. అయితే తాకదగ్గ వస్తువులు మరోచోటైనా ఉండాలి కదా.

ప్రపంచ కళ అనగానే పాఠ్యపుస్తకం పేజీకో దేశం చొప్పున బొమ్మలు వేసి ఊరుకుంటుంది. అంతకన్నా ఒక్క చిక్కును తీసుకుని, దాన్ని ఎవరెలా విప్పారో చూపడం మేలు. తోలు, దీపం, తెర: ఈ మూడింటితో కథ చెప్పడం ఎలా? ఆసియా ఖండంలో ఎన్నో జాతులు ఈ చిక్కును ఎవరి తీరులో వాళ్ళు విప్పుకున్నాయి.

మన దగ్గర, ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటలో, తోలును నానబెట్టి, వెంట్రుకలూ కొవ్వూ గీకేసి, లాగి కట్టి ఎండబెడతారు. అప్పుడది వెలుతురును పోనిచ్చే పొరగా మారుతుంది. దాని మీద గీత గీసి, ఉలితో చిల్లులు పొడిచి, రెండు వైపులా రంగు వేస్తారు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా కోసి దారంతో ముడివేస్తారు. కొన్ని బొమ్మలు మనిషెత్తు ఉంటాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. పిల్లల చేతికి బొమ్మ ఇచ్చినప్పుడు మాత్రం ఈ వివరాలేవీ ముందు చెప్పక్కర్లేదు. నడుమ కర్ర పట్టుకుని ఎత్తగానే కాళ్ళు వాటంతటవే ఊగుతాయి. ఆ ఊపును నడకగా మార్చడం ఎంత కష్టమో వాళ్ళ మణికట్టుకే తెలుస్తుంది.

దాని పక్కన జావా దీవి తోలుబొమ్మలాట వయాంగ్ కులిత్ బొమ్మను పెట్టండి. అది గేదెతోలు, వెలుతురును పోనివ్వదు. తెర మీద నీడ నల్లగానే పడుతుంది. అయినా దానికి బంగారు రంగు పూస్తారు, కంటికి కనబడనంత సన్నని చెక్కడం చేస్తారు. నీడకు అక్కర్లేని బంగారం ఎందుకు? పిల్లలను తేల్చమనండి. బొమ్మలాడించే ధలాంగ్ వెనక కూర్చుని రంగుల బొమ్మనే చూసే ప్రేక్షకులూ అక్కడ ఉంటారన్న సంగతి చివర్లో చెప్పండి. ఆ తర్వాత ముఖాల వంక తిప్పండి. జావా అర్జునుడికి సన్నని పొడవాటి ముక్కు, గీతలాంటి కన్ను, వంచిన తల. మొరటువాడికి గుండ్రటి కళ్ళు, లావు ముక్కు. అక్కడ వీరుడి గొప్పతనం అణకువలో ఉందని ఆ వంచిన మెడే చెబుతుంది. మన అర్జునుణ్ణి పక్కన నిలబెట్టి మెడలు పోల్చమంటే, రెండు సమాజాలు మర్యాదను ఎక్కడ చూశాయో పిల్లలే మాట్లాడతారు. జావా ఆటలోని సెమార్ అనే హాస్యగాడు వ్యాసుడి భారతంలో లేడు. మన తోలుబొమ్మలాటలో నవ్వించే బంగారక్క, జుట్టుపోలిగాడు కూడా ఏ పురాణంలోనూ లేరు. పెద్ద కథలోకి ఊరివాళ్ళను దూర్చే చొరవ రెండు చోట్లా ఒకటే. నాకు ఈ పాఠంలో అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇది.

టర్కీ తోలుబొమ్మలాట కరగోజ్ బొమ్మ చిన్నది, సంప్రదాయంగా ఒంటెతోలుది. దాని కర్ర కింది నుంచి రాదు, ఒంట్లోని చిల్లులో అడ్డంగా గుచ్చుకుంటుంది. చైనా బొమ్మకు తల ఊడి వస్తుంది, ఒకే ఒంటికి ఎన్నో తలలు. యునెస్కో జాబితాలో వయాంగ్ 2008లో, కరగోజ్ 2009లో, చైనా తోలుబొమ్మలాట 2011లో చేరాయి. పరీక్షకు ఆ ఏళ్ళు పనికొస్తాయేమో గానీ, కర్ర ఎక్కడ గుచ్చారో చూసిన పిల్లకు ఆట మొత్తం అర్థమవుతుంది.

పాఠం నడిపే పద్ధతికీ ఒక క్రమం ఉంది. చేతులు కడిగి తుడుచుకోవాలి. రెండు చేతులతో, బల్లకు దగ్గరగా పట్టుకోవాలి. దగ్గర పెన్ను ఉండకూడదు, పెన్సిలే. తర్వాత ప్రశ్నలు: దేనితో చేశారు? ఏ పనిముట్టుతో కోశారు? ఎక్కడ అరిగింది, ఎక్కడ అతుకు పడింది? ఎవరు పట్టుకునేవారు, ఎవరు ఎటు నుంచి చూసేవారు? పేరూ దేశమూ ఆఖరున. ఇందులో ఉపాధ్యాయుడికి కష్టమైంది నోరు కట్టుకోవడం. పేరు వినబడగానే పిల్లలు నోటుబుక్కులో రాసుకుని చూడటం మానేస్తారు. చేతిపట్టు దగ్గర నల్లబడ్డ తోలు, చిరిగిన చోట పడ్డ కుట్టు ఇక వాళ్ళ కంటికి ఆనవు.

బడుల్లో ఒక అలవాటు నాకు బాధ కలిగిస్తుంది. కాగితపు పళ్ళేనికి రంగులు పూసి, దాన్ని ‘ఆఫ్రికా ముసుగు’ అనడం. ఆఫ్రికాలో డోగోన్, బావులే, చోక్వే లాంటి ఎన్నో జాతులున్నాయి. ఎవరి ముసుగుకు వాళ్ళ దుస్తులు, డప్పు, నాట్యం, దానికి తగిన సందర్భం ఉంటాయి. అవన్నీ తీసేసి గోడకు తగిలిస్తే ఆ జాతి గురించి పిల్లకు తప్పుడు సంగతి నేర్పినట్టే. పూజలో వాడే పవిత్ర వస్తువులను బడిలో చేతులు మారనివ్వడమూ సరికాదు, అలాంటివాటికి చిత్రం చాలు.

వస్తువు ఇక్కడికెలా వచ్చిందన్న ప్రశ్న కూడా దాటేయకూడదు. 1897లో బ్రిటిష్ సేన ఇప్పటి నైజీరియాలోని బెనిన్ నగరాన్ని దోచి ఇత్తడి శిల్పాలను తీసుకుపోయింది. మన అమరావతి స్తూపం సున్నపురాతి శిల్పాలు ఎన్నో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. తెలుగు పిల్లలకు బెనిన్ వాళ్ళ నష్టం అర్థం కావడానికి అమరావతి కన్నా దగ్గరి దారి లేదు.

ఏ బడైనా ఈ పని మొదలుపెట్టాలంటే దూరం పోనక్కర్లేదు. నిమ్మలకుంట కుటుంబాలు ఇప్పుడు దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి బతుకుతున్నాయి. వాళ్ళ దగ్గర పూర్తయిన బొమ్మ ఒక్కటే కొనకుండా మూడు ముక్కలు అడగండి: గీకి ఆరబెట్టిన ఉత్త తోలు, గీత గీసి వదిలేసింది, చిల్లులు పొడిచి రంగు వేసి ముడివేసింది. వీలైతే కళాకారుణ్ణి తరగతికి పిలిచి, గురువుకిచ్చే మర్యాదతో, తగిన పారితోషికంతో కూర్చోబెట్టండి. ఒక చెక్క, ఒక ఉలి, పనికిరాని తోలు ముక్క ఇచ్చి ప్రతి పిల్లచేతా వరుసగా చిల్లులు పొడిపించమనండి. మొదటి పిల్ల ఉలి జారుతుంది, తోలు చిరుగుతుంది. అప్పుడు పూర్తయిన బొమ్మను మళ్ళీ చేతికివ్వండి.