25 గంటలకు ఒకే గొంతు

నవలను దారిలో వినే అలవాటును అమెరికాలో ఇంటింటికీ చేర్చినవారిలో డువాల్ హెక్ట్ ముందువరసలో ఉంటాడు. 1956 ఒలింపిక్స్ పడవ పందెంలో స్వర్ణం గెలిచినవాడు. న్యూపోర్ట్ బీచ్ నుంచి లాస్ ఏంజిలస్‌కు రోజూ కారులో వెళ్ళిరావడం విసుగెత్తి, 1975లో ‘బుక్స్ ఆన్ టేప్’ సంస్థ పెట్టాడు. క్యాసెట్లను పోస్టులో అద్దెకు పంపేవాడు. సంక్షిప్తాల జోలికి పోకుండా నవల మొత్తం చదివించాడు. ఆ పట్టుదలకు మనం ఈనాటికీ రుణపడి ఉన్నాం.

ఇప్పుడు చిక్కల్లా ఒకే నవలకు ఇన్ని గొంతులుండటం. హెర్మన్ మెల్‌విల్ 1851లో రాసిన ‘మోబీ డిక్’నే చూడండి. ఫ్రాంక్ ముల్లర్, విలియం హూట్‌కిన్స్ ఎవరికి వారు ఒంటిచేత్తో చదివారు. 2012లో ప్లిమత్ విశ్వవిద్యాలయం 135 అధ్యాయాలనూ అధ్యాయానికొకరి చేత చదివించి ఉచితంగా వినిపించింది. టిల్డా స్వింటన్‌తో మొదలవుతుంది, డేవిడ్ అటెన్‌బరో కూడా ఒకటి చదివాడు. అదొక ముచ్చటైన ఉత్సవం. ఇంట్లో తీరిగ్గా వినండి. ప్రయాణానికి మాత్రం నా ఓటు ఒకే గొంతుకు. పొద్దున సగం, సాయంత్రం సగం వినేవాళ్ళకు కథ ఎక్కడ ఆగిందో ఆ పరిచిత స్వరమే గుర్తుచేస్తుంది. గొంతు మారిన ప్రతిసారీ చెవి మళ్ళీ కుదురుకోవాలి. అంతలో దిగాల్సిన స్టాపు వచ్చేస్తుంది.

కొనేముందు వినిపించే నమూనా చాలావరకు పుస్తకం మొదట్లోదే. అక్కడ కథ చెప్పే ఇష్మాయేల్ హుషారుగా కబుర్లు చెబుతాడు, ఎవరు చదివినా బాగానే ఉంటుంది. లైబ్రరీ నుంచి తెచ్చుకోగలిగితే నేరుగా 32వ అధ్యాయానికి వెళ్ళండి. తిమింగలాలను పుస్తకాల సైజుల పేర్లతో ఫోలియో, ఆక్టేవో అంటూ వర్గీకరించే సుదీర్ఘ ప్రకరణమది. పాఠం అప్పజెప్పినట్టు చదివితే మెల్‌విల్ చిలిపితనం మాయమవుతుంది. ఆ తర్వాత 40వది వినండి. నాటకం ఫక్కీలో సాగుతుంది. దేశదేశాల నావికులు అర్ధరాత్రి ఆడిపాడి, చివరకు కలబడతారు. అందరికీ తలో యాస తొడిగితే వినలేం. తేడాయే చూపకపోతే ఎవరు మాట్లాడుతున్నారో తెలియదు. చేయి తిరిగిన పాఠకుడు ఊపిరితో, వేగంతో మనుషుల్ని వేరుచేస్తాడు.

బస్సు మోతలో మరో పరీక్ష ఉంది. గుసగుసకూ కేకకూ మధ్య ఎడం మరీ ఎక్కువైతే మొదటిది ఇంజను చప్పుడులో కలిసిపోతుంది. వాల్యూమ్ పెంచామా, రెండోది చెవులు చిల్లులు పొడుస్తుంది. నాటకీయతకు పేరుపడ్డ రికార్డింగుల్లో ఈ బెడద ఎక్కువ.

హూట్‌కిన్స్ పఠనం సుమారు 25 గంటలు. అధ్యాయం సగటున 11 నిమిషాలన్నమాట. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్ళేవారికి నాలుగు అధ్యాయాలు హాయిగా పడతాయి. చాలామంది ఓడ కెప్టెన్ అహాబ్ గర్జన ఎవరు బాగా పలికారని వెతుకుతారు. ఆ కెప్టెన్ డెక్ మీద కనిపించేది 28వ అధ్యాయంలో. అప్పటికి దాదాపు అయిదు గంటలు గడిచిపోతాయి, అంతసేపూ మన పక్కన ఉండేది ఇష్మాయేలే. అతన్ని ఎవరు బాగా పలికారో చూసి ఎంచుకోండి.