సంఘటనకు ముందరి జీవితం

రాత్రి 8 గంటల 45 నిమిషాలు. దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియా నగరంలో మారాబస్తాడ్ నుంచి వాటర్‌వాల్ వెళ్తున్న బస్సు. ఒకరి తల వెనక్కి వాలిపోయింది, ఒకరి మెడ పక్కకి ఒరిగిపోయింది. ఒంటి మీద బరువైన కోట్లు, తలకి ఉన్ని టోపీలు. ఈ ఫొటోలో జరుగుతున్నదేమీ లేదు, జనం నిద్రపోతున్నారు, అంతే. కింద ఫొటోగ్రాఫర్ రాసిన ఒక్క వాక్యం చదివాక ఆ నిద్ర ఎలాంటిదో తెలుస్తుంది. వీళ్ళలో చాలామంది మళ్ళీ తెల్లవారుజామున రెండు, మూడు గంటల మధ్య లేచి ఇదే దారి పట్టాలి.

డేవిడ్ గోల్డ్‌బ్లాట్ 1983-84లో తీసిన ఈ ఫొటోలు 1989లో పుస్తకంగా వచ్చాయి. క్వాన్‌డెబెలె అనేది వీళ్ళుండే చోటు, అక్కడి వర్ణవివక్ష ప్రభుత్వం ఎన్‌డెబెలె జాతివారికి 'స్వదేశం' అని గీత గీసి కేటాయించిన ప్రాంతం. అక్కడ పనుల్లేవు. పనులున్న ప్రిటోరియాలో వాళ్ళకి కాపురం ఉండే హక్కు లేదు. ఆ రెంటికీ మధ్య బస్సు. ఆ బస్సులు నడవడానికి ప్రభుత్వమే కంపెనీకి సబ్సిడీ ఇచ్చేది. మనుషుల్ని పని దగ్గర బతకనివ్వడం కంటే, డబ్బు పోసి రోజూ మోసుకెళ్ళి మోసుకురావడమే దానికి నచ్చింది. ఒక చట్టం మనిషి ఒంట్లోంచి నిద్రని ఎలా తోడేస్తుందో ఈ ఫొటోలు చూపించినంతగా మరేదీ చూపించలేదని నా నమ్మకం. ఆ చీకటి, గరుకుదనం, బస్సు కుదుపుకి చెదిరిన అంచులు కూడా ఆ ప్రయాణంలో భాగమే.

దక్షిణాఫ్రికా వర్ణవివక్ష వ్యతిరేక ఉద్యమం అనగానే ప్రపంచానికి గుర్తొచ్చే ఫొటో వేరే ఉంది. 1976 జూన్ 16న సొవెటోలో పోలీసులు బడిపిల్లల మీద కాల్పులు జరిపినప్పుడు సామ్ న్జిమా తీసిన ఫొటో. ప్రాణం పోతున్న హెక్టర్ పీటర్సన్‌ని ఒక కుర్రాడు చేతుల మీద ఎత్తుకుని పరుగెడుతుంటే, పక్కన అక్క ఏడుస్తూ పరుగెడుతోంది. న్జిమా ఆ రీలుని మేజోడులో దాచి బయటపెట్టాడు. ఆ తర్వాత పోలీసుల వేధింపులు పడలేక ఉద్యోగం వదిలి జొహన్నెస్‌బర్గ్ నుంచే వెళ్ళిపోయాడు. ఆ ఒక్క ఫొటో చేసిన మేలుకి కొలత లేదు. అయితే అది తుపాకీ పేలిన క్షణం. ఆ క్షణం దాకా దేశాన్ని నడిపించిన మామూలు రోజులని పట్టుకోవడానికి ఇంకో రకం ఓపిక కావాలి. గోల్డ్‌బ్లాట్ ఆ రోజుల వెంట పడ్డాడు.

ఆయన 1930లో రాండ్‌ఫాంటీన్ అనే బంగారు గనుల ఊళ్ళో పుట్టాడు. తాత, అమ్మమ్మల తరం లిథువేనియాలో యూదుల మీద జరిగిన వేధింపులు తప్పించుకుని వచ్చింది. తండ్రిది బట్టల కొట్టు. తండ్రి పోయాక కొట్టు అమ్మేసి, 1963 నుంచి కెమెరానే బతుకుతెరువు చేసుకున్నాడు. ఆ కొట్టుకి వచ్చిన తెల్ల రైతుల్ని, గని పనివాళ్ళని ఆయన ఏళ్ళ తరబడి దగ్గర్నుంచి చూశాడు. జాత్యహంకారంతో పాటు వాళ్ళలో ఉన్న మర్యాద, ఆప్యాయత కూడా ఆయనకి తెలుసు. అవన్నీ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయన్న ప్రశ్న ఆయన్ని వదల్లేదు.

1964లో పశ్చిమ ట్రాన్స్‌వాల్‌లో తీసిన ఫొటో ఒకటి చూడండి. ఒక తెల్ల రైతు కొడుకు, వాణ్ణి ఆడించే నల్ల పిల్ల. ఆమె కూర్చుని ఉంది, వాడు వెనక నిలబడి ఆమె భుజాల మీద చేతులు వేశాడు. చూపు కిందికి దించితే ఆమె చెయ్యి వెనక్కి వెళ్ళి వాడి కాలి మడమని మెల్లగా పట్టుకుని ఉంటుంది. ఆ స్పర్శలో నటన లేదు. వాళ్ళ వెనక ముళ్ళకంచె. ఇంకొన్నేళ్ళు గడిస్తే వాడు దొర, ఆమె ఆ ఇంటి పనిమనిషి. ప్రేమ లేకపోవడం వల్ల ఆ వ్యవస్థ నిలబడిందనుకుంటే మనకి సుఖంగానే ఉంటుంది. ఇంత ప్రేమ ఉండి కూడా నిలబడిందని ఈ ఫొటో చెప్తుంది. దాన్ని చూసిన ప్రతిసారీ నాకు గుండె పట్టేసినట్టవుతుంది.

బోక్స్‌బర్గ్ అనే తెల్లవాళ్ళ పట్టణం మీద ఆయన చేసిన పుస్తకం 1982లో వచ్చింది. అందులో ఒక సూపర్‌మార్కెట్‌లో శనివారం పొద్దున జరిగిన అందమైన కాళ్ళ పోటీ ఫొటో ఉంది. వేదిక మీద తెల్ల అమ్మాయిలు, చూసే గుంపులో మాత్రం నల్లవాళ్ళూ ఉన్నారు. పచారీ సామాన్ల మధ్య ఆ సరదా అంతా ఎంత సహజంగా సాగిపోతోందో చూస్తే కంపరమెత్తుతుంది.

ఈ పనితనంలో మొదట చెప్పుకోవలసింది క్యాప్షన్. గోల్డ్‌బ్లాట్ ఫొటో కింద ఊరు, జిల్లా, తేదీ, అక్కడ ఏం కూల్చారు, ఏ చట్టం కింద కూల్చారు అన్నీ ఉంటాయి. ఒక్కోసారి పేరాలకి పేరాలు. ఫొటో ఒంటరిగా మాట్లాడాలనే వాదం ఆయనకి పట్టలేదు. బొమ్మ అనుభవాన్ని ఇస్తుంది, అక్షరం సాక్ష్యాన్ని ఇస్తుంది. కోర్టులో నిలబడవలసిన జ్ఞాపకానికి రెండూ కావాలి. ఇక రంగు. వర్ణవివక్ష నడిచినన్నాళ్ళూ తన సొంత పనికి ఆయన నలుపు-తెలుపు ఫిల్మే వాడాడు. ఆ కాలపు కోపానికీ భయానికీ రంగు మరీ తియ్యగా ఉంటుందని ఆయన అభిప్రాయం. 1990ల చివర్లో గానీ రంగుల వైపు రాలేదు.

అయితే ఒక మాట దాచకూడదు. ట్రైపాడ్ వేసుకుని, అనుమతి అడిగి, తీరిగ్గా ఫొటో తీసే వెసులుబాటు ఆయనకి తెల్లచర్మం ఇచ్చింది. నల్లజాతి ఫొటోగ్రాఫర్ ఎర్నెస్ట్ కోల్‌కి అది లేదు. 1940లో ప్రిటోరియా దగ్గర పుట్టిన కోల్, ఇంటిపేరు స్పెల్లింగ్ మార్చుకుని, అధికారుల చేత తనని 'కలర్డ్' (మిశ్రమ జాతి) వర్గంలో రాయించుకున్నాడు. అలా అయితేనే నల్లవాళ్ళ కదలికల్ని కట్టడి చేసే పాస్ చట్టాల బెడద కాస్త తప్పి నాలుగు చోట్ల తిరగగలిగాడు. గనుల్లో చేరే కూలీలని బట్టలిప్పి గోడకి వరసగా నిలబెట్టి వైద్య పరీక్ష చేస్తుంటే, అన్నం సంచిలో దాచి తీసుకెళ్ళిన కెమెరాతో ఫొటో తీశాడు. 1966లో దేశం విడిచాడు, మరుసటేడు న్యూయార్క్‌లో అతని ఫొటోల పుస్తకం 'హౌస్ ఆఫ్ బాండేజ్' అచ్చయింది. దక్షిణాఫ్రికా దాన్ని నిషేధించింది. మండేలా విడుదలైన కొద్ది రోజులకే, 1990 ఫిబ్రవరిలో, కోల్ ప్రవాసంలోనే కన్నుమూశాడు. పోయాయనుకున్న ఆయన నెగటివ్‌లు దాదాపు 60,000 దాకా 2017లో స్వీడన్‌లోని ఒక బ్యాంకు లాకర్లలో బయటపడ్డాయి.

ఈ వరసలో నాకు అందరికంటే దగ్గరివాడు సాంటు మొఫొకెంగ్. 1986లో సొవెటో నుంచి జొహన్నెస్‌బర్గ్ వెళ్ళే లోకల్ రైళ్ళలో ఆయన తీసిన ఫొటోల్లో జనం కళ్ళు మూసుకుని కీర్తనలు పాడుతుంటారు, పెట్టె గోడల మీద దరువేస్తుంటారు. ఆ ఏడాది దేశం అత్యవసర పరిస్థితిలో ఉంది. పత్రికలకి రాళ్ళు, మంటలు, శవాలు కావాలి. అదే సమయంలో ఆ ప్రజలకొక ఆత్మ ఉందని మొఫొకెంగ్ చూపించాడు.

తర్వాత ఆయన కెమెరా పక్కన పెట్టి చేసిన పని ఇంకా గొప్పది. 1890-1950 మధ్య నల్లజాతి మధ్యతరగతి కుటుంబాలు స్టూడియోల్లో తీయించుకున్న ఫొటోలని ఇల్లిల్లూ తిరిగి వెతికాడు. గోడలకి వేలాడేవి, పెట్టెల అడుగున పురుగు పట్టినవి. వాటిని మళ్ళీ కాపీ తీసి, దొరికినంత మేరకు పేర్లు, ఊళ్ళు, వృత్తులు రాసి స్లైడ్ల వరసగా చూపించాడు. కోటు, గొలుసు గడియారం, లేసు గౌను, పూలకుండీ. 'ఆదివాసులు' అని ప్రభుత్వం కొలతలు తీసిన జనం తమని తాము ఎలా చూసుకున్నారో అక్కడ కనిపిస్తుంది. అది నిజమైన ఠీవా, దొరల అనుకరణా అని మొఫొకెంగ్ తన స్లైడ్లలోనే అడుగుతాడు, జవాబు మాత్రం చూసేవాళ్ళకే వదిలేస్తాడు.

ఈ కథలో మనవాళ్ళూ ఉన్నారు. 1860-1911 మధ్య నాటాల్ చెరకు తోటలకి ఒప్పంద కూలీలుగా వెళ్ళిన లక్షన్నర మందిలో మద్రాసు రేవులో ఓడ ఎక్కిన తెలుగువాళ్ళు వేలల్లో ఉంటారు. జాతుల వారీగా నివాస ప్రాంతాలు విడదీసిన గ్రూప్ ఏరియాస్ చట్టం డర్బన్‌లో భారతీయుల్ని కాటో మేనర్ నుంచి ఖాళీ చేయించి చాట్స్‌వర్త్‌కి తోలినప్పుడు వాళ్ళ ఇళ్ళూ పోయాయి. డర్బన్ భారతీయుల జీవితాన్ని దశాబ్దాల పాటు ఫొటోలు తీసిన రంజిత్ కాలీ పేరు మన పత్రికల్లో ఎక్కడైనా కనిపించాలని నా కోరిక.

జ్ఞాపకాన్ని ఎవరి దగ్గర దాచాలన్నది ఇంకా తేలని గొడవ. 2016లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు కొన్ని చిత్రాలు తగలబెట్టారు. విశ్వవిద్యాలయం మరికొన్నింటిని గోడల మీద నుంచి తీసేసింది. భావ స్వేచ్ఛకి ఇది చేటని గోల్డ్‌బ్లాట్ అక్కడున్న తన నెగటివ్‌లని వెనక్కి తీసుకుని అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయానికి ఇచ్చేశాడు. ఆయన భయం నాకు అర్థమవుతుంది, నిర్ణయం మాత్రం మింగుడుపడదు. క్వాన్‌డెబెలె బస్సులో నిద్రపోయినవాళ్ళ మనవలు తాత ఉన్న అసలు నెగటివ్‌ని చూసుకోవాలంటే సముద్రాలు దాటాలి.

ఆయన ఇంకో ఆస్తిని మాత్రం అక్కడే వదిలిపెట్టాడు. 1989లో జొహన్నెస్‌బర్గ్‌లో ఆయన మొదలుపెట్టిన మార్కెట్ ఫొటో వర్క్‌షాప్‌లో, బడుల్లో చోటు దొరకని నల్ల యువతకి కెమెరా పట్టడం నేర్పారు. అక్కడ చదువుకున్న జనేలె ముహోలి 2006 నుంచి నల్లజాతి లెస్బియన్ల, ట్రాన్స్ మనుషుల పోర్ట్రెయిట్లు తీస్తూనే ఉన్నారు, వందల్లో. ప్రతి ఫొటో కింద మనిషి పేరు, ఊరు, ఏడాది ఉంటాయి.