రెండు మూడు భాషల ఇంట్లో మతిమరుపు జాడలు

రాయచూరు జిల్లా దేవదుర్గ తాలూకాలోని గబ్బూరు, 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న ప్రాంతం కావడంతో, అక్కడి పెద్దల్లో ఎదుటి మనిషిని బట్టి కన్నడం, తెలుగు, ఉర్దూ మార్చి మాట్లాడే అలవాటు సహజంగానే ఏర్పడింది. ఈ అలవాటులో వచ్చే తేడా డిమెన్షియా తొలి జాడ కావచ్చు. దాన్ని అందరికంటే ముందు పట్టుకోగలిగేది ఇంటివారే. డిమెన్షియా అంటే జ్ఞాపకం ఒక్కటే తగ్గడం కాదు. మెదడుకు వచ్చిన వ్యాధి వల్ల జ్ఞాపకం, మాట, లెక్క, దారి పోల్చుకునే శక్తి క్రమంగా సన్నగిల్లి నిత్యకృత్యాలకే అడ్డుపడే స్థితి. అల్జీమర్స్ అందులో ఎక్కువమందిలో కనిపించే రకం.

హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో నాడీవైద్యురాలు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటికి మించి భాషలు మాట్లాడేవారికి లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. బడికి వెళ్లనివారిలోనూ ఈ తేడా కనిపించడం విశేషం. భాషల మధ్య నిత్యం మారడం మెదడుకు అదనపు సత్తువనిస్తుందని, వ్యాధి లోపల పెరుగుతున్నా ఆ సత్తువ కొంతకాలం దాన్ని కప్పి ఉంచుతుందని పరిశోధకులు వివరిస్తారు. అంటే ఇలాంటి ఇళ్లలో మొదటి జాడ బయటపడే సరికి వ్యాధి కొంత ముదిరి ఉండవచ్చు కాబట్టి, చిన్న మార్పును కూడా ముసలితనపు చాదస్తమని కొట్టిపారేయడం తగదు.

పేరు గుర్తురాక కాసేపటికి తట్టడం వయసుతో వచ్చేదే. అడిగిన ప్రశ్ననే గంటలో పలుమార్లు అడగడం, చెప్పిన జవాబు అసలు విన్నట్టే లేకపోవడం వేరు. ఏళ్ల తరబడి జొన్నరొట్టె చేసిన చేతికి పని వరస తప్పడం, దుకాణంలో చిల్లర లెక్క తేలకపోవడం, తెలిసిన సందులోనే దారి తప్పడం, పెట్టినచోటు మరచిన వస్తువును కోడలు దొంగిలించిందని నిందించడం ఈ కోవలోనివే. ఈ నింద చాలా ఇళ్లలో తగవులకు దారితీస్తుంది. అది వ్యాధి పలికించే మాట అని తెలిస్తే ఆ కోడలికి కలిగే ఊరట చిన్నది కాదు. తెలుగు రాని పొరుగువారితో తెలుగులోనే మాట్లాడుతూ, వారికి అర్థం కావడం లేదన్న సంగతి గమనించకపోవడం కూడా బహుభాషీయుల్లో పరిశోధకులు గుర్తించిన లక్షణమే.

మతిమరుపును అంచనా వేయడానికి నెల, తారీఖు అడిగే పరీక్షలు అక్షరజ్ఞానం లేనివారికి అన్యాయం చేస్తాయి. కార్తెలతో, అమావాస్యలతో కాలాన్ని కొలిచిన రైతును ఇప్పుడు ఏ కార్తె నడుస్తోందని, పొలంలో ఏ పైరు ఉందని, అదీ ఆయన బాగా మాట్లాడే భాషలోనే అడగడం న్యాయం.

బీ12 విటమిన్ లోపం, థైరాయిడ్ మాంద్యం, దిగులు వ్యాధి, చెవుడు కూడా మతిమరుపులా కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది కాబట్టి వైద్యుడి దగ్గరికి వెళ్లడం ఆలస్యం చేయకూడదు. గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో హఠాత్తుగా వచ్చిన తికమక మాత్రం జ్వరం, ఇన్ఫెక్షన్, మందుల వికటింపు వంటి వాటి సూచన కావచ్చు; దానికి అదే రోజు వైద్యం కావాలి. ఏ పని తప్పింది, ఎప్పటినుంచి, ఏ భాషలో మాట తడబడింది అన్నవి ఇంటివారు రాసుకుని వెళితే, వైద్యుడికి ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.