గడియారం ముల్లు ఎవరి చేతిలో?

కంప్యూటర్ గడియారానికి ప్రాణం ఒక చిన్న క్వార్ట్జ్ ముక్క. ఎండకూ చలికీ దాని కంపనం కాస్త మారుతుంది. పది లక్షల సెకన్లకు ఇరవై సెకన్లు తప్పినా రోజుకు 1.7 సెకన్లు, నెలకు యాభైకి పైగా తేడా వస్తుంది. ఫలితంగా 30 సెకన్లకోసారి మారే లాగిన్ కోడ్ సరిపోలదు. సర్వర్లలో చొరబాటు జరిగిన రాత్రి ఏది ముందు, ఏది వెనక అన్నది లాగ్‌లు చూసి తేల్చలేం.

ఈ తేడాను దిద్దే విద్యకు పెద్దదిక్కు డేవిడ్ మిల్స్. ఆయన 1985లో ప్రకటించిన ఎన్‌టీపీ (నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్) ఈనాటికీ ఆధారం. ప్రశ్న బయలుదేరిన క్షణం, సర్వర్‌కు చేరిన క్షణం, జవాబు బయలుదేరిన క్షణం, తిరిగొచ్చిన క్షణం: ఈ నాలుగింటినీ పెట్టుకుని, రానూపోనూ ప్రయాణం సమానమనుకుని, మన గడియారం ఎంత తప్పిందో లెక్కగడుతుంది.

తప్పు తెలిశాక దిద్దడంలోనే అసలు నేర్పు ఉంది. కచేరీలో లయ కాస్త జారితే మృదంగ విద్వాంసుడు పాట ఆపించడు, వినేవారికి తెలియకుండా సర్దుకొస్తాడు. 4.3 బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వచ్చిన అడ్జ్‌టైమ్ అనే కాల్ చేసేదీ అదే. గడియారాన్ని గెంతించదు, నడక వేగం మారుస్తుంది. ఎన్‌టీపీని నడిపే ఎన్‌టీపీడీ ప్రోగ్రామ్ ఈ పద్ధతిలో సెకనుకు అర మిల్లీసెకను మించి సర్దదు. అంటే ఒక్క సెకను తేడా పోవడానికి ముప్పై మూడు నిమిషాలు పడుతుంది. ఈ నిదానమే దాని గొప్పతనం. కాలం ఒక్కసారి వెనక్కి గెంతితే, నిన్నటి లెక్క మీద ఇవాళ్టి లెక్క రాసే డేటాబేస్‌లు తికమకపడతాయి.

అయితే ముల్లు తిప్పే హక్కు ఎవరికుండాలి? సాధారణంగా రూట్‌కే, అంటే సర్వాధికారాలున్న వాడుకరికే. కానీ సమయం అడిగే ప్రోగ్రామ్ యూడీపీ 123వ పోర్టులో ముక్కూముఖం తెలియని ప్యాకెట్లను చదువుతుంది. అలాంటిదాన్ని రూట్‌గా నడిపితే వీధి తలుపు దగ్గర కూర్చున్నవాడికి బీరువా తాళాలిచ్చినట్టే. గడియారాన్ని వెనక్కి తిప్పగలిగినవాడు గడువు తీరిన సర్టిఫికెట్ మళ్లీ చెల్లేలా చేయగలడు.

అందుకే బీఎస్‌డీ వాళ్లు కెర్నెల్‌లోనే సెక్యూర్‌లెవెల్ అనే గొళ్లెం పెట్టారు. యంత్రం నడుస్తుండగా దాన్ని పెంచొచ్చు కానీ, రూట్ అయినా తగ్గించలేదు. స్థాయి 2లో ఫ్రీబీఎస్‌డీ ఒక సెకను మించిన మార్పును ఒప్పుకోదు. ఓపెన్‌బీఎస్‌డీ గడియారాన్ని వెనక్కి పెట్టనివ్వదు. సమయం మారడం లేదని ఇక్కడే చాలామంది విసుక్కుని గొళ్లెం తీసేస్తారు. తీయనక్కర్లేదు. పెద్ద దిద్దుబాటు బూట్ అయ్యేటప్పుడే, స్థాయి పెరగకముందే చేసేయాలి. తర్వాత నడక సర్దుబాటు చాలు.

రెండో జాగ్రత్త పని పంచడం. హెన్నింగ్ బ్రావర్ రాసిన ఓపెన్‌ఎన్‌టీపీడీ 2004లో ఓపెన్‌బీఎస్‌డీ 3.6తో వచ్చింది. అందులో నెట్‌వర్క్‌తో మాట్లాడే ప్రక్రియకు ఏ అధికారమూ లేదు, ఖాళీ డైరెక్టరీలో బందీగా ఉంటుంది. ఇంత సర్దమని చెప్పగలదు, అంతే. ముల్లు ముట్టుకునేది వేరే చిన్న ప్రక్రియ. తర్వాత హెచ్‌టీటీపీఎస్ సర్వర్ చెప్పే తేదీతో పోల్చి, పొంతన లేని సమయాన్ని తోసిపుచ్చే ఏర్పాటూ చేర్చారు. ఫ్రీబీఎస్‌డీ ఇంకో దారి పట్టింది: మ్యాక్_ఎన్‌టీపీడీ మాడ్యూల్‌తో రూట్ కాని వాడుకరికి సమయం దిద్దే హక్కునూ, ఆ పోర్టు వాడే హక్కునూ మాత్రమే ఇచ్చింది. ఆ వాడుకరి సంఖ్య కూడా 123 కావడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

మన దేశంలో ఇది ఇష్టాయిష్టాల సంగతి కాదు. ఎన్ఐసీ లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో సర్వర్లను కలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. కలపడం దగ్గరే ఆగకండి. మీ చేతి కింద సర్వర్ ఉంటే, నెట్‌వర్క్ మాట వినే ఆ ప్రక్రియ ఏ వాడుకరి పేరు మీద నడుస్తోందో ఇవాళే చూడండి. రూట్ అని కనిపిస్తే మార్చండి.